రెండు వందల గంటల మచ్చిక

ముందుగదిలో రెండు కుర్చీలు, నడుమ ఒక బల్ల. బల్లమీద పలక, పలకనిండా ఐదేసి సుద్దగీతల కట్టలు. లోపలి గది తలుపు మూసి ఉంది, దాని వెనుక ఒక స్త్రీ కంఠం మంద్రంగా పాడుతోంది. ఆంప్లిఫయర్ల దుకాణం నడిపే తమ్ముడు మధ్యాహ్నం ఒంటిగంటకు దుకాణానికి తాళం వేసి అక్కగారింటికి వచ్చి కూర్చున్నాడు. ఎదుట బావగారు: రైల్వే స్టేషనులో ముప్ఫై రెండేళ్లు బండ్ల రాకపోకలు మైకులో ప్రకటించి రిటైరైన పెద్దమనిషి. వచ్చినవాడు అడగదలచుకున్నది ఒక్కటే. నోరు పెగలనిదీ అదొక్కటే.

"ఇప్పుడు ఆపేస్తే ఏమవుతుంది బావా? కొంపేం మునగదు గదా."

"కొంప సంగతి నాకు తెలియదు. పెట్టె మునుగుతుందని చెప్పినవాడివి నువ్వు."

"నేనా? ఎప్పుడన్నాను?"

"పోయిన వారం, ఈ కుర్చీలోనే కూర్చుని. మూడు వందల వాట్ల పెట్టె అంటే కొత్త గిత్త లాంటిదన్నావు. మొదటి రెండు వందల గంటలూ ఊపిరి తిప్పుకోనివ్వకుండా మోగిస్తేనే మచ్చికవుతుందన్నావు. మధ్యలో ఒక్కసారి ఆపినా మళ్లీ ఒకటి నుంచి లెక్కన్నావు. ఈ పలకమీద మొదటి గీత గీసింది కూడా నీ చెయ్యే."

"ఏదో మాటవరసకి అని ఉంటాను."

"మాటవరసకి అనేవాడు జేబులో సుద్దముక్క వేసుకుని వస్తాడా?"

"సరే, అన్నాను. అన్నాననే అనుకోండి. రెండొందలంటే రెండొందలేనా? రమారమి. ఇప్పటికి ఎన్నయ్యాయి?"

"నూట నలభై ఆరు. మిగిలినవి యాభై నాలుగు. ఎల్లుండి సాయంత్రం ఏడు గంటలకు ఈ పెట్టె గమ్యం చేరుతుంది. దయచేసి గమనించగలవు."

"మైకు లేకపోయినా అలాగే మాట్లాడతారేం బావా."

"అలవాటు. అది వదిలెయ్యి. పెట్టె నాది, గది నాది, కరెంటు నాది. తొందర నీకెందుకు పుట్టింది?"

"నాకేం తొందర. నాకేమీ లేదు. అక్క ఎలా ఉందని అడగరేం మీరు?"

"ఎలా ఉంది?"

"బాగుంది. దివ్యంగా ఉంది. మా ఇంట్లో."

"సంతోషం."

"సంతోషం ఏమిటి బావా. ఆ పెట్టె మోగినన్నాళ్లూ ఈ గడప తొక్కనని చెప్పి, సంచి సర్దుకుని, మీరు మొదటి గంట మొదలెట్టిన రోజే మా ఇంట్లో దిగింది. ఆరు రోజులు. కట్టుకున్న భార్య. మీకు చీమ కుట్టినట్టయినా లేదు."

"తమ్ముడి ఇంటికి వెళ్లింది. అరణ్యానికి పోలేదుగా. మచ్చిక కాని పెట్టె ధ్వని పచ్చిగా ఉంటుంది, అది విన్న చెవి పాడవుతుంది, గది తలుపు మూసి ఉంచండి, కావాలంటే అక్కని నాలుగు రోజులు మా ఇంటికి పంపండి అన్నది ఎవరు?"

"నాలుగు రోజులన్నాను. అదీ మాటవరసకే."

"నీకు మాటవరసలు మరీ ఎక్కువ."

"నవ్వుతారేం. ఒడ్డున కూర్చున్నవాళ్లకి నవ్వే వస్తుంది. నా పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది."

"మీ అక్క ఏం చేసింది పాపం?"

"ఏం చెయ్యలేదో అడగండి. తెల్లవారి ఐదింటికి దుప్పటి లాగేస్తుంది. నన్ను మాత్రమే. నా భార్యని పడుకోనిస్తుంది. ఆడపిల్ల అలిసిపోయిందట. కూరల్లో ఉప్పు తీసేసింది. నా మంచం తను తీసుకుని నన్ను వసారాలో బల్లమీదికి తోలింది. నా పనిబల్ల ఉంది చూశారూ, పదిహేనేళ్లుగా ఏ మరమేకు ఎక్కడుందో కళ్లు మూసుకుని తీసేవాణ్ణి. మొన్న తడిగుడ్డ పెట్టి తుడిచేసింది. మరమేకులన్నీ పొడవునిబట్టి సీసాల్లో పోసి, సీసాలమీద అంకెలు వేసింది. ఇప్పుడు నాకు ఒక్కటీ దొరకదు."

"అంకెలు చూసి తీసుకోవచ్చుగా."

"సీసాలు బీరువాలో పెట్టింది. తాళం తన కొంగున ఉంది. ఏది కావాలన్నా, ఎందుకో చెప్పి తీసుకోవాలి."

"మీ ఆవిడ ఏమంటోంది?"

"ఏమంటుంది? వదినగారు ఇక్కడే ఉండిపోతే బాగుండునంటోంది. ఇద్దరూ ఒకటైపోయారు. అక్క పగలు పది నుంచి నాలుగింటి దాకా ఎవరో స్నేహితురాలింటికి పోతుంది కాబట్టి ప్రాణాలతో ఉన్నాను. ఇవాళా పదింటికే పోయింది."

"అలాగా. టీ తాగుతావా?"

"ఎవరు పెట్టింది? మీరా?"

"పొయ్యిమీద సిద్ధంగా ఉంది. తెస్తానుండు. ఇదిగో."

"అబ్బే, మీ టీ తాగే ధైర్యం... అరె. బాగుందే. చక్కెర కూడా సరిగ్గా నాకు పడేంతే. ఆరు రోజుల్లో చెయ్యి తిరిగిపోయిందే మీకు."

"అవసరమే గురువు."

"చెబితే చంపుతుంది గానీ, అక్క పెట్టే టీ కన్నా ఇదే నయం."

"కాస్త నెమ్మదిగా మాట్లాడు. గోడలకు చెవులుంటాయి."

"ఉండనివ్వండి. ఆవిడ అక్కడెక్కడో ఉంది. బావా, ఒక ఉపాయం. గుండీ ఇంకొంచెం తిప్పి ధ్వని రెట్టింపు చేద్దాం. యాభై నాలుగు గంటల పని ఇరవై ఏడు గంటల్లో అయిపోతుంది."

"పసివాడికి రెండింతలు పాలు పోస్తే రెండింతలు ఎదుగుతాడా? వాంతి చేసుకుంటాడు."

"ఇది యంత్రం బావా."

"కొత్త గిత్త అన్నావు. గిత్త కడుపుకు మాత్రం ఒక లెక్క ఉండదూ?"

"పోనీ, వేరే దారి. అసలు ఇప్పటికే మచ్చికైపోయిందేమో. గంటలు ఉజ్జాయింపుగా చెబుతాం గానీ తీర్పు చెప్పాల్సింది చెవి కదా. వినండి. ఆ పాట వినండి ఒకసారి."

"వినకూడదన్నావుగా. చెవి పాడవుతుందని ఆరు రోజులుగా దూది పెట్టుకుని తిరుగుతున్నాను."

"నేను వింటాను. నా చెవి పాడైతే అయింది. ఆగండి... ఆహా."

"ఏమిటి?"

"ఆ గొంతు చూశారా? తలుపు వేసి ఉన్నా మనిషి గదిలో కూర్చుని పాడుతున్నట్టుంది. ఊపిరి పీల్చడం వినబడుతోంది. పదానికీ పదానికీ నడుమ నిశ్శబ్దం ఉంది చూశారూ, అది. దీపం ఆర్పినట్టు. చిన్న పెట్టెల వల్ల కాదు ఈ పని. వెనక మూడు వందల వాట్ల బలం ఉంటేనే గొంతు ఇంత నిమ్మళంగా ఉంటుంది. విప్పారింది బావా. పువ్వులా విప్పారింది. నా మాట విని ఆపెయ్యండి."

"నిజంగా అంత బాగుందా?"

"ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నా దుకాణంలో ఏ పెట్టె ఇలా పలకలేదు. ఒట్టు."

"మరి మా పాతది?"

"ఆ డబ్బాకీ దీనికీ పోలికేమిటి. అది పాడుతుందా, మూలుగుతుంది. ఏ పాట పెట్టినా కింద ఒక మూలుగు."

"మీ నాన్నగారు కట్టింది."

"నాన్న కట్టాడు కాబట్టే చెబుతున్నాను. నాకు తెలియదా? ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి తీగ చుట్టడానికి వేసవి సెలవులన్నీ పట్టాయి. నేలమీద చాప వేసుకుని ఆయన చుట్టడం, అక్క పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టడం. మధ్యలో నేను వెళ్లి ఏదో వాగాను, అక్క లెక్క తప్పింది, నాన్న మొత్తం విప్పి మళ్లీ మొదలెట్టాడు. ఆరోజు అక్క నా వీపు చిట్లగొట్టింది."

"ఒకసారి ఆపితే మళ్లీ ఒకటి నుంచి. ఆ నియమం నీకు అప్పుడే అబ్బిందన్నమాట."

"ఇప్పుడవన్నీ ఎందుకు బావా."

"ఎందుకంటే, ఎల్లుండి గంటలు నిండగానే వచ్చి ఆ పాతదాన్ని పట్టుకుపోతానన్నావు. మార్పిడి బేరం. పట్టుకుపోయి ఏం చేస్తావు?"

"ఏముంది చెయ్యడానికి. విప్పి రాగి వేరు చేస్తాం. మిగతాది రేకు. తూకానికి పోతుంది."

"ఆయన చుట్టిన తీగ."

"తీగ తీగే బావా. నాన్న పోయి పదకొండేళ్లయింది. దాన్ని చూసినప్పుడల్లా అక్క కొంగుతో దుమ్ము తుడవడం తప్ప ఏం మిగిలింది? కొత్తది వచ్చాక పాతదాన్ని పట్టుకుని వేలాడడం ఏం తెలివి? ఆ సంగతి ఆరోజు దుకాణంలో మీరూ ఒప్పుకున్నారు."

"ఒప్పుకున్నాను. అది నా బుద్ధిలేనితనం. రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి ఒకే పాట వినిపించావు. చిన్నది అరవై వాట్లు, పెద్దది మూడు వందలు. పదడుగుల గదికి అంత పెద్దది దేనికిరా అంటే, 'బలం లేనివాడు అరిస్తే రభస, బలవంతుడు మెల్లగా మాట్లాడితే గాంభీర్యం' అన్నావు. వాక్యం బాగుందని పడిపోయాను. మీ అక్క అప్పుడే మోచేత్తో పొడిచింది. నేనే వినలేదు."

"వాక్యంలో తప్పేముంది?"

"వాక్యంలో తప్పులేదు. సరే, నువ్వు ఇంతగా చెబుతున్నావు కాబట్టి ఆపేస్తాను. ఒక చిన్న పని. నూట నలభై ఆరు గంటలకే ఆపమన్నది నేనే, పెట్టెకు ఏం జరిగినా పూచీ నాదే అని రాసి సంతకం పెట్టు. ఇదిగో బిల్లు. దీని వెనక రాయి."

"రాతలెందుకు బావా, మన మధ్య."

"మాటవరసలు ఎక్కువైన చోట రాతే మంచిది. లేకపోతే ఎల్లుండి దాకా మోగనీ. మీ అక్క మీ ఇంట్లో సుఖంగానే ఉంది. నిన్న ఫోనులో చెప్పింది. ఎల్లుండి తరవాత కూడా ఇంకో పది రోజులు ఉండి, నీ దుకాణం కూడా సర్ది వస్తానంది."

"దుకాణమా?"

"అక్కడి మరమేకులకు కూడా సీసాలు కొన్నదట."

"బావా."

"చెప్పు."

"మీరు కోప్పడనంటే ఒక మాట చెబుతాను."

"ముప్ఫై రెండేళ్లు ఆలస్యమైన బండ్ల గురించి ప్రకటించినవాణ్ణి. జనం తిట్టే తిట్లు విని విని నాకు కోపమనేది అరిగిపోయింది. చెప్పు."

"రెండొందల గంటలనేది లేదు."

"లేదా?"

"లేదు. అరగంట మోగి వేడెక్కితే చాలు. ఆ తరవాత వందేళ్లు మోగినా పెట్టె అలాగే ఉంటుంది. గిత్త లేదు, మచ్చిక లేదు."

"మరి ఆ మాట ఎందుకు పుట్టించావు?"

"అందరికీ అదే చెబుతాను. మీకని ప్రత్యేకంగా కాదు. కొత్త పెట్టె తీసుకెళ్లినవాళ్లు రెండోరోజే వస్తారు బావా, దుకాణంలో విన్నట్టు లేదు, గదిలో బాగోలేదు, వాపసు తీసుకో అని. రెండొందల గంటలు ఓపిక పట్టండి అంటే రారు. అప్పటికి వాళ్లకి అలవాటైపోతుంది. విప్పారేది పెట్టె కాదు, చెవి."

"వాపసు గడువు ఎన్నాళ్లు?"

"మీకు తెలియందేముంది. ఏడు రోజులు."

"రెండు వందల గంటలంటే ఎనిమిది రోజుల ఎనిమిది గంటలు. అంటే ఏడో రోజు బండి వెళ్లిపోయాక, ఎనిమిదో రోజు ప్లాట్‌ఫారం మీదికి రమ్మంటావు ప్రయాణికుణ్ణి."

"మీరు అలా అంటే ఏదో ఘోరంలా వినబడుతుంది."

"నా గొంతులో ఏదైనా అలాగే వినబడుతుంది. ఇంకా ఏమైనా ఉందా? దుకాణంలో వినిపించినప్పుడు?"

"ఏముంటుంది. ఏమీ లేదు."

"నీ దుకాణంలో మీ అక్క సీసాలు సర్దుతుంటే చూడాలని నాకు—"

"పెద్దదాని గుండీ ఒక్క పిసరు ఎక్కువ తిప్పాను. అంతే. పిసరే. ఒకే పాట రెండుసార్లు వినిపిస్తే, పిసరు గట్టిగా ఉన్నదే ఎవరికైనా బాగుంటుంది. అది మనిషి స్వభావం. నా తప్పు కాదు."

"బలవంతుడు మెల్లగా మాట్లాడడం అదేనన్నమాట."

"ఆడుకోకండి బావా. దండం పెడతాను. ఇవాళ్టికి ఏడో రోజు. దుకాణం మూసేలోపు వాపసుకి గడువుంది. మీకు పెద్దది వద్దంటే నేనే వచ్చి ఎత్తుకుపోతాను. మార్పిడి రద్దు. పాతది మీ దగ్గరే ఉంచుకోండి, మూలిగినా మొత్తుకున్నా మీ ఇష్టం. అక్కని మాత్రం ఇవాళే ఇంటికి తెచ్చుకోండి."

"పలుకుబడిగల వ్యాపారివి. నీ పెట్టె నూట నలభై ఆరు గంటలకే పువ్వులా విప్పారిందని ఇందాకనే ఒట్టు పెట్టావు. అంత మంచిదాన్ని వాపసు తీసుకుంటావా?"

"తీసుకుంటాను."

"బాధగా ఉండదూ?"

"ఉంటుంది. ఆ గొంతు వింటుంటే ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కావడం లేదు, అదే నిజం. నేనే ఇంట్లో పెట్టుకుంటాను. రాస్తున్నాను చూడండి. 'పెద్ద పెట్టె వాపసు తీసుకొంటిని. పాత పెట్టె వారి యొద్దనే యుండును.' సంతకం. చాలా?"

"తేదీ వెయ్యి. గంట కూడా వెయ్యి."

"గంట ఎందుకు?"

"రాకపోకలకు గంట లేకపోతే ప్రయాణికులు నమ్మరు."

"ఇదిగో. ఒంటిగంట నలభై. ఇక ఆపెయ్యండి."

"నువ్వే ఆపు. మొదటి గీత గీసినవాడే చివరి గుండీ తిప్పాలి. తలుపుకు గడియ లేదు, తోసుకుని వెళ్లు."

"గది చీకటిగా ఉందే. ఏమిటిది, కాలికి తగిలింది... అట్టపెట్టె. బావా, ఇది నా అట్టపెట్టె."

"నీదే. ఆరోజు గుమ్మంలో దింపి, పలకమీద గీత గీసి, బేరం ఉందని పరుగెత్తావుగా. నేనూ మీ అక్కా చెరో పక్కా పట్టుకుని లోపల పెట్టాం."

"దీని టేపు కూడా తెంపలేదు."

"తెంపితే వాపసు చెల్లదు. బిల్లు వెనక సన్న అక్షరాల్లో ఉంది. అందరూ చదవరు. నేను బతికిందే సన్న అక్షరాల కాలపట్టికలు చదివి."

"మరి... మరి ఈ పాట ఎక్కణ్ణుంచి వస్తోంది? ఆ దుప్పటి కింద ఏముంది?"

"మెల్లిగా తియ్యరా తమ్ముడూ. అంచు గుండీకి తగులుకుంటుంది."

"అక్కా?"

"అవును."

"నువ్వు స్నేహితురాలింటికి..."

"వంటింట్లో ఉన్నాను. రోజూ పది నుంచి నాలుగింటి దాకా. టీలో చక్కెర సరిపోయిందన్నావుగా. నా టీ కన్నా నయమన్నావు కూడా."

"అయ్యో. అక్కా, అది... ఇది నాన్న పెట్టె."

"దుప్పటి తీశాక గుర్తుపట్టావు. అంతవరకూ మూడు వందల వాట్లని ఒట్టు పెట్టావు."

"మూలుగు ఏమైంది? దీనికి మూలుగు ఉండాలే. బాగు చేయించారా?"

"ఎవరూ ముట్టుకోలేదు. ఉంది. ఊపిరి బిగబట్టి విను."

"ఉంది. అవును. వినబడుతోంది."

"చిన్నప్పుడు ఆ మూలుగు వినబడకపోతే నువ్వు నిద్రపోయేవాడివి కాదు. నాన్న నీకోసం పాటలేకుండా పెట్టె వేసి ఉంచేవాడు."

"ఆపనా అక్కా?"

"పాట పూర్తికానీ. అయ్యాక నీ అట్టపెట్టె భుజాన వేసుకుని పో. నా సంచి మీ ఇంట్లోనే ఉంది, సాయంత్రం తెచ్చిపెట్టు. బీరువా తాళం ఇదిగో."

"ఒక్క మాట. నాన్న పెట్టె కోసమే అయితే నన్నే అడగొచ్చుగా. ఆరు రోజులు మా ఇంట్లో... ఐదింటికి లేపడం, ఉప్పు తియ్యడం, మరమేకులు, బల్లమీద పడక... అదంతా కావాలనే చేశావా?"

"మీ బావ రెండు వందల గంటలూ పడుతుందన్నారు. నేనే, అక్కర్లేదు, వాడు చిన్నప్పటి నుంచీ మెత్తనివాడే అన్నాను. చూడు, నూట నలభై ఆరుకే మచ్చికయ్యావు."